ఆరులా తగిలిన కూడిక

సోమవారం పొద్దున మేనేజరు గదిలోంచి బయటికి వచ్చిన ప్రూఫ్ మాస్టారు చేతికర్ర లోపలే మరిచిపోయి వచ్చారు. ఇరవై రెండేళ్లుగా అదే గుమ్మంలోంచి వస్తూ పోతూ ఉన్న మనిషి. కుడిచేత్తో గాలిలో ఒకసారి తడిమి, కర్ర లేదని తెలుసుకుని, మళ్లీ లోపలికి వెళ్లడానికి మనసొప్పక అక్కడే నిలబడిపోయారు. మిషను గదిలోంచి చూస్తున్న చుక్కలమ్మ లేచి వెళ్లి కర్ర తెచ్చి ఆయన చేతికి అందించింది.

“నువ్వేనా అమ్మాయ్?”

“నేనే మాస్టారూ. ఏమైంది?”

“ఏముంది, వయసైపోయింది” అని ఆయన కర్ర తాటించుకుంటూ తన గదిలోకి వెళ్లిపోయారు.

ఏమైందో ఆమెకి తెలియకపోలేదు. అక్కడ గదుల మధ్య ఉన్నవన్నీ చెక్క గోడలే. లోపల దగ్గినా ఇవతలికి వినిపిస్తుంది.

“ప్రూఫ్ మీద సంతకం మీదే కదా మాస్టారూ?”

“నాదే సార్.”

“చదివే కదా పెట్టారు?”

“చదివే పెట్టాను.”

“మరి పిల్లల చేతికి ఇదెలా వెళ్లింది?”

ఫ్యాను తిరుగుతున్న చప్పుడొక్కటే. చివరికి మాస్టారి గొంతు మెల్లగా వినిపించింది. “నా వేళ్లదే పొరపాటై ఉంటుంది సార్.”

ఆ మాట దగ్గరే చుక్కలమ్మ చేతిలో పని ఆగిపోయింది.

అది చూపులేని పిల్లలకి పుస్తకాలూ పరీక్షపత్రాలూ అచ్చువేసే చిన్న బ్రెయిలీ ప్రెస్సు. అక్కడ ఇంకు వాసన ఉండదు. దళసరి కాగితం మీద మిషను టకటకా కొట్టుకుంటూ పోతే వెనకనుంచి చుక్కలు పొడుచుకొస్తాయి. ఆరు చుక్కలు పట్టే చోటుని గడి అంటారు. ఏ చుక్కలు లేచాయన్నదాన్ని బట్టి ఆ గడి అక్షరం గాని, అంకె గాని, గుర్తు గాని అవుతుంది. కంప్యూటరునీ మిషనునీ చూసుకునేది ఆమె. పదకొండేళ్లుగా ఆ చుక్కలతోనే కాపురం కాబట్టి అందరూ చుక్కలమ్మ అంటారు. అసలు పేరు జీతం కాగితాల మీద తప్ప ఎక్కడా వినపడదు. బ్రెయిలీ ఆమెకి వేళ్లతో రాదు గాని, కాగితాన్ని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని కళ్లతో చదివేస్తుంది.

ప్రూఫ్ చదవడం మాస్టారి పని. ఆయనకి పుట్టుకనుంచీ చూపు లేదు. ఒకసారి సాంఘికశాస్త్రం పుస్తకంలో ఒక్క చుక్క తక్కువైందని పట్టుబట్టి మొత్తం పుస్తకం మళ్లీ కొట్టించిన మనిషి. ఆరోజు మేనేజరు ఎంత అరిచినా ఒక్క మెట్టు దిగలేదు. అలాంటాయన ఈరోజు ‘నా వేళ్లదే’ అని తలొంచుకుని రావడం ఆమెకి మింగుడు పడలేదు.

గొడవ పదో తరగతి లెక్కల పేపరు గురించి. పోయిన గురువారం పరీక్ష జరిగింది. అంధుల బడిలో పద్నాలుగుమంది పిల్లలు పేపరు ముందు పెట్టుకుని గుడ్లనీళ్లు కుక్కుకుంటూ కూర్చున్నారట. పేపరు చదవడం రాలేదట.

బీరువాలో ఒక కాపీ మిగిలి ఉంటే చుక్కలమ్మ తీసి కిటికీ దగ్గర పట్టుకుంది. మాటలన్నీ బాగానే ఉన్నాయి. లెక్కల దగ్గరికి వచ్చేసరికి ఆమె కళ్లు ఆగిపోయాయి. అంకెలు గడి కింది చుక్కలతో పడాలి. పై చుక్కలతో పడ్డాయి. అంటే పిల్లల వేళ్లకి అవి అక్షరాల్లా తగులుతాయి. కూడిక గుర్తు ఒక గడిలో ఉండాల్సింది రెండు గడుల్లో ఉంది. అందులో రెండో గడి అచ్చంగా ఆరు అంకె. సమానం గుర్తు ఉండాల్సిన చోట ఏడు. గుణకారం ఎనిమిది. ఆమె లెక్కపెట్టింది. నలభై ఒక్క కూడికలుంటే ఒక్కటీ సరిగా లేదు.

ఒకటో రెండో అయితే జారిపోయాయనుకోవచ్చు. నిద్రలో చదివినా మాస్టారు ఇన్ని వదలరు. అంటే ఆయన చదివిన కాగితం ఇది కాదు. ఆ ప్రూఫ్ తీసి చూద్దామంటే లేదు. పరీక్షపత్రం కాబట్టి చదవడం అవ్వగానే చింపేయాలని రూలు. దగ్గర నిలబడి ముక్కలు చేయించింది తనే.

ఆయన ప్రూఫ్ చదివింది పరీక్షకి ముందు వారం, బుధవారం. కాపీలు కొట్టింది ఆ మర్నాడు. ఈ రెంటి మధ్యా ఏం జరిగిందని ఆలోచిస్తే ఆమెకి గుర్తుకొచ్చింది ఒక్కటే. ఆ గురువారం పొద్దున కొత్త మిషను వచ్చింది. దాన్ని కంప్యూటరుకి కలపడానికి తను ఒక చిన్న ప్రోగ్రాం పెట్టింది.

ఆ కంప్యూటరులో బొమ్మలూ బటన్లూ ఉండవు. నల్లటి తెర, దాని మీద తెల్లటి అక్షరాలు. ఏదైనా కొత్తది కావాలంటే ప్యాకేజ్ మేనేజర్ అనేదాన్ని అడగాలి. ఫలానాది పెట్టు అని ఒక్క లైను టైపు చేస్తే అదే ఎక్కడుందో వెతికి, తెచ్చి, అమర్చుతుంది. మారు మాట్లాడకుండా సరుకులు తెచ్చిపెట్టే ఇంటిమనిషిలా అనిపించి ఆమెకి దాని మీద ఒక అభిమానం కూడా ఉండేది. చేసిన ప్రతి పనినీ అది చిట్టా రాసి పెట్టుకుంటుంది. ఇన్నేళ్లలో ఆ చిట్టా తెరిచి చూసే అవసరం ఆమెకి రాలేదు.

తెరిచింది. గురువారం, పదకొండు గంటల నలభై నిమిషాలు. కొత్తగా పెట్టినవి, ఒకటి. మార్చినవి, పదిహేడు.

తను అడిగింది ఒక్కటే. ఆ పదిహేడూ ఎవరడిగారు? ఒక్కొక్క పేరూ వేలు పెట్టి చదువుకుంటూ కిందికి వచ్చింది. పదకొండో పేరు బ్రెయిలీ పట్టిక. ఏ అక్షరానికి, ఏ అంకెకి ఏ చుక్కలు లేవాలో కంప్యూటరుకి చెప్పేది ఆ పట్టికే; అది మారితే లెక్కలు రాసే పద్ధతే మారిపోతుంది. పాతది తీసేసి కొత్తది పెట్టినట్టు ఒక్క లైను ఉంది.

చుక్కలమ్మ ఆ లైను ఇంకోసారి చదివింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఆ కంప్యూటరు అమర్చిన ఇంజనీరు ఇప్పుడు ఇంకెక్కడో పనిచేస్తున్నాడు. మధ్యాహ్నం భోజనాల వేళ అతనికి ఫోను చేసింది.

“నేను ఒకటి పెట్టమంటే అది పదిహేడు మార్చిందండీ.”

“అది అంతే మేడమ్. కొత్తదానికి ఆసరాగా ఉండేవాటిలో తాజావి ఏవైనా వచ్చుంటే వాటినీ మార్చేస్తుంది. మనం వేరే చెప్పకపోతే దాని డిఫాల్ట్ అది.”

“నేను మార్చమనలేదు కదా.”

“వద్దని కూడా అనలేదు. వద్దనాలంటే చివర ఇంకో మాట చేర్చాలి. అప్పుడు పాతవాటిని ముట్టుకోదు.”

“ఆ మాట ఉందని ఎవరికి తెలుస్తుంది?”

“దానితో వచ్చే పుస్తకంలో ఉంది మేడమ్.”

“ఎన్నో పేజీలో?”

అతను నవ్వాడు. నవ్వి, ఆమె నవ్వడం లేదని తెలిసి సర్దుకున్నాడు. “చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. నేనూ పడ్డాను. అయినా చేసేముందు ఒకసారి అడుగుతుంది మేడమ్. పేర్లన్నీ చూపించి, కొనసాగించమంటారా అని. ఎస్ అనే దానికి వై పెద్దక్షరంలో ఉంటుంది, నో అనే దానికి ఎన్ చిన్నక్షరంలో ఉంటుంది. ఏమీ కొట్టకుండా ఎంటర్ నొక్కితే పెద్దక్షరమే మన జవాబు కింద తీసుకుంటుంది.”

చుక్కలమ్మకి ఆ పొద్దు కళ్లముందు కదిలింది. మర్నాడే పేపరు కట్టలు బయటికి వెళ్లాలని మేనేజరు రెండుసార్లు వచ్చి చెప్పి వెళ్లాడు. తెర మీద ఏవో పేర్లు గబగబా పైకి పోయాయి. చివర ఒక ప్రశ్న నిలబడింది. తను ఎంటర్ నొక్కి, మిషనుకి కాగితం ఎక్కించడానికి లేచింది.

“ఉంటానండీ” అని ఫోను పెట్టేసింది.

ఇంట్లో ఆమె భర్త టేబులు ఫ్యాను విప్పి ముందేసుకుని కూర్చున్నాడు. అతను ఎలక్ట్రీషియన్. ఊళ్లోవాళ్ల ఫ్యాన్లన్నీ తిరుగుతాయి గాని తమ ఇంట్లోది ఎప్పుడూ విప్పే ఉంటుందని ఆమె దెప్పుతూ ఉంటుంది. ఆరోజు దెప్పలేదు. స్క్రూలు పోసిన మూత పక్కన చాపమీద కూర్చుని జరిగిందంతా చెప్పింది.

అతను ఫ్యాను రెక్క తుడుస్తూ విన్నాడు.

“చెప్తే నీ పని పోతుందా?”

“కాంట్రాక్టు మనిషిని. పొమ్మనడానికి ఒక్క మాట చాలు.”

“చెప్పకపోతే ఆయనది పోతుంది.”

“ఊఁ.”

“ఆయనకి ఇంకెన్నేళ్లుంది?”

“రెండేళ్లు.”

అతను రెక్క పక్కన పెట్టాడు. “ఎలాగూ రెండేళ్లే కదా” అన్నాడు. అనేసి, తన నోటినుంచి ఆ మాట వచ్చినందుకు తనే మొహం ముడుచుకున్నాడు. “నేననలేదనుకో” అని మళ్లీ రెక్క అందుకున్నాడు.

*

మంగళవారం పొద్దున చుక్కలమ్మ చిట్టా కాగితం మీద ప్రింటు తీసుకుని మేనేజరు గదిలోకి వెళ్లింది. అతను చెడ్డవాడేం కాదు. పైవాళ్ల ఉత్తరం వస్తే కింద ఎవరో ఒకరి పేరు రాసి పంపేదాకా అన్నం సహించని మనిషి, అంతే. ఆమె చెప్పింది సగం దాకా విన్నాడు. కాగితం అటూ ఇటూ తిప్పాడు.

“ఇందులో మీ పేరు ఎక్కడుంది?”

“నా పేరు ఉండదు సార్. నేను కొట్టిన లైను ఉంది. ఇదిగో.”

“పట్టిక దానంతటదే మారిందంటారు.”

“నేను పెట్టమంటే మారింది సార్. నేను చూసుకోలేదు.”

“చూడండమ్మా” అని అతను కాగితాన్ని మెల్లగా ఆమె వైపు జరిపాడు. “బోర్డువాళ్లకి ఈ నల్లతెర సంగతులు అర్థం కావు. ప్రూఫ్ మీద సంతకం అర్థమవుతుంది. మాస్టారు తనే ఒప్పుకున్నారు. గురువారం సాయంత్రంలోపు సంజాయిషీ ఇస్తానన్నారు. ఆయన ఒప్పుకున్నాక మధ్యలో మీరెందుకు తల దూర్చడం? మీకు మిషను బాగా తెలుసు. మీరుండాలి మాకు.”

ఆమె కాగితం మడిచి పట్టుకుని లేచింది. గుమ్మం దాటగానే గుండెల మీదినుంచి బరువు దిగినట్టనిపించింది. చెప్పాను కదా, విననిది ఆయన అనుకుంది. ఆ తేలిక తన కుర్చీ దాకా కూడా నిలవలేదు. పక్కగదిలో మాస్టారు ఖాళీ బల్లమీద రెండు చేతులూ బోర్లించి కూర్చుని ఉన్నారు. ఆయన ముందు ఒక్క కాగితం లేదు. సోమవారం నుంచీ ఆయనకి ప్రూఫులు ఇవ్వడం మానేశారు.

పన్నెండు గంటలకి అంధుల బడి నుంచి లెక్కల టీచరు వచ్చింది. చూపున్న మనిషే. చంకలో ఒక పాత ఫైలు. మేనేజరు భోజనానికి వెళ్లాడంటే మిషను గదిలో స్టూలు మీద కూర్చుంది.

“అచ్చువేసేది మీరేనా?”

“నేనేనండి.”

“ఒకటి చూపిస్తాను, చూడండి.” టీచరు ఫైల్లోంచి ఒక పిల్ల జవాబుపత్రం తీసింది. “మా బడిలో లెక్కలకి దీన్ని మించింది లేదు. రెండో ప్రశ్న మామూలు కూడికే. దీనికి అంకెలు అక్షరాల్లా తగిలాయి. సరే, బీజగణితం కాబోలు అనుకుంది. ప్లస్సు ఆరులా తగిలింది కదా, ఆరుతో గుణించింది. ఇదిగో, సగం పేజీ చేసింది. నేను మొత్తం సరిచూశాను. ఒక్క తప్పు లేదు.” ఆమె వేలితో చివరి లైను చూపించింది. “ఇక్కడ ఆపేసింది. ఏడుస్తున్నావేమే అని ఇన్విజిలేటరు అడిగితే, నాకు లెక్కలు రావని ఇవాళే తెలిసింది సార్ అందట.”

చుక్కలమ్మ ఆ కాగితం వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూసింది.

“మళ్లీ పరీక్ష పెట్టరా?”

“అడిగాం. మాస్టారు చదివి ఒప్పుకున్న పేపరే అచ్చయింది కాబట్టి పరీక్ష చెల్లుతుందంటున్నారు బోర్డువాళ్లు. ఒప్పుకున్నది ఒకటి, అచ్చయింది ఇంకొకటి అని మీ ప్రెస్సు రాసిస్తే అప్పుడు మళ్లీ పెడతారట. గురువారం దాకా గడువిచ్చారు.” టీచరు ఫైలు మూసింది. “ఎవరిని శిక్షిస్తారో అది మీ ఇంటి సంగతి. నాకు ఆ ఒక్క ముక్క చాలు.”

మేనేజరు వచ్చేదాకా కూర్చోలేక ఆమె వెళ్లిపోయింది. చుక్కలమ్మ ఆ సాయంత్రం దాకా మిషను ఆన్ చెయ్యలేదు.

*

బుధవారం మాస్టారు పనికి రాలేదు. పన్నెండింటికి చుక్కలమ్మ పూట సెలవు పెట్టి, చెడిన పేపరూ చిట్టా కాగితమూ సంచిలో పెట్టుకుని ఆయన ఇంటికి వెళ్లింది. రెండు గదుల వాటా, మూడో అంతస్తు. మాస్టారి భార్య తలుపు తీసి, “రామ్మా, నిన్నటినుంచీ మనిషి మాట్లాడటం లేదు. నువ్వైనా మాట్లాడించు” అని టీ పెట్టడానికి వెళ్లింది.

మాస్టారు చొక్కా గుండీలు ఒకటి ఎగువకి పెట్టుకుని ఉన్నారు. చుక్కలమ్మ చూసి చూడనట్టు ఊరుకుంది.

“మీ వేళ్ల పొరపాటు కాదు మాస్టారూ. నాది” అంది. రిక్షా దిగినప్పటినుంచీ కూడబలుక్కున్న మాటలన్నీ పోయి అంతే వచ్చింది. తర్వాత మొదటినుంచీ చెప్పింది. కొత్త మిషను, తను కొట్టిన ఒక్క లైను, మారిన పదిహేడు, పెద్దక్షరం వై.

ఆయన కదలకుండా విన్నారు. భార్య తెచ్చిన టీ గ్లాసు అందుకున్నారు. పొయ్యి మీదినుంచి దించి పోసిన టీ. చుక్కలమ్మ తన గ్లాసు చెంగుతో పట్టుకుంది. ఆయన ఒట్టి వేళ్లతో గ్లాసు చుట్టూ పట్టుకుని, చెప్పేది ముగిసేదాకా దించలేదు.

“కాలుతుందండీ, కింద పెట్టండి” అంది భార్య.

ఆయన గ్లాసు కింద పెట్టి, “పేపరు తెచ్చావా?” అన్నారు.

చుక్కలమ్మ ఇచ్చింది. మాస్టారు దాన్ని మోకాళ్ల మీద పరుచుకున్నారు. చూపుడువేలు కాకుండా ఎడమచేతి ఉంగరంవేలు తీసుకుని లైను మీద పెట్టి, మెల్లగా, ఒక్కో గడి దగ్గరా ఆగి, వెనక్కి వచ్చి, మళ్లీ ముందుకి పోయారు. అంత నెమ్మదిగా ఆయన చదవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఎప్పుడూ చెక్క గోడ ఇవతలే ఉండేది.

“ఆరు” అన్నారు. ఇంకాస్త జరిపి, “ఏడు” అన్నారు.

“అవును మాస్టారూ.”

“అంటే ఇది నిజంగా ఆరే.”

“నిజంగా ఆరే. మీరు చదివిన ప్రూఫ్‌లో ప్లస్సే ఉంది. మీరు సరిగ్గానే చదివారు.”

ఆయన మొహం ఒక్క క్షణం విప్పారింది. భార్య వైపు తిరిగి, “విన్నావా? ఆరేనట” అన్నారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతలోనే ఆయన మొహంలో ఆ వెలుగు ఎవరో ఊదేసినట్టు ఆరిపోయింది. కాగితం మీద చేయి అలాగే ఉండిపోయింది.

“ఇది నేను ముందే ముట్టుకున్నాను అమ్మాయ్.”

చుక్కలమ్మకి అర్థం కాలేదు.

“కట్టలు కట్టే రోజు. శుక్రవారం. ప్యాకింగు గదిలోంచి పోతూ పై కాగితం మీద చెయ్యి వేశాను. అలవాటు కదా. ప్లస్సు ఉండాల్సిన చోట ఆరు తగిలింది.” ఆయన గొంతులో తడి లేదు. “ఎనిమిది నెలల్నుంచి ఈ వేళ్లు దూది అయిపోయాయి. షుగరు. ఈ ఎడమచేతి వేలొక్కటే కొంచెం పనిచేస్తోంది. దానితోనే లాక్కొస్తున్నాను. ఒక్క పేజీకి నాలుగింతల టైము పడుతోంది. ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకి తప్ప. ఆరోజు ఆరు తగిలేసరికి, అయిపోయింది, ఇది కూడా పోయింది అనుకున్నాను. రెండో లైను ముట్టుకోవడానికి ధైర్యం చాలక చెయ్యి తీసేశాను.”

వంటింట్లో కుళాయి కారుతోంది. భార్య లేచి కట్టేసి వచ్చింది.

“ఒక్క మాట అని ఉంటే చాలు కదా” అన్నారు మాస్టారు. “ఇదేంటి అమ్మాయ్, ఇక్కడ ఆరు తగులుతోంది, ఒకసారి చూడు అని. నువ్వు చూసేదానివి. కట్టలు ఆగిపోయేవి.”

“మీకెలా తెలుస్తుంది మాస్టారూ? మీ వేళ్లే అనుకున్నారు.”

“అనుకున్నాను. అందుకే నోరు మూసుకున్నాను. పిల్లల కోసం కాదు కదా, నా కోసమే.”

ఆమె ఆయన చేతి కిందనుంచి పేపరు తీసి సంచిలో పెట్టుకుంది. తను తెచ్చిన నిజం ఆయన వేళ్లని తిరిగి ఇచ్చి, ఇంకేదో పట్టుకుపోయింది. రాకుండా ఉంటే ఆయన తన వేళ్లని తిట్టుకుంటూ, కనీసం తన మనసుని తిట్టుకోకుండా ఉండేవారేమో. వచ్చేదారిలో ఆయన సంతోషిస్తారనే అనుకుంది.

“ఆ సంగతి ఎవరికీ తెలియనవసరం లేదు” అంది చివరికి. “నేను నా తప్పు రాసిస్తాను. మీ సంతకానికి మచ్చ ఉండదు. అంతవరకు చాలు.”

మాస్టారు బీరువా పక్కనున్న బ్రెయిలీ పలక తెమ్మని భార్యకి చెప్పారు. దళసరి కాగితం బిగించి, పొడిచే ములుకు పట్టుకుని, కుడినుంచి ఎడమకి ఒక్కో చుక్కా పొడవడం మొదలుపెట్టారు. ములుకు రెండుసార్లు వేళ్లలోంచి జారి కింద పడింది. రెండుసార్లూ భార్య తీసి ఇచ్చింది. ముప్పావుగంట పట్టింది. కాగితం విప్పి చుక్కలమ్మ చేతిలో పెట్టి, “మేనేజరు వాళ్లకి ఇది చదవడం రాదు కాబట్టి నువ్వే చదవాలి. ఒక్క గడి కూడా వదలకు” అన్నారు.

*

గురువారం పది గంటలకి మేనేజరు బల్లమీద రెండు కాగితాలున్నాయి. చుక్కలమ్మ రాసింది ఒకటి. రెండోది తెల్లగా, గరుకుగా, అక్షరమన్నది లేకుండా ఉంది. మాస్టారు బయట బెంచీ మీద కూర్చున్నారు.

మేనేజరు ఆమెది రెండుసార్లు చదివాడు. నుదురు రుద్దుకున్నాడు. “టీచరు నిన్న మళ్లీ వచ్చి వెళ్లింది. నేను పోయి బోర్డువాళ్లతో మాట్లాడాను. మీరు రాసింది పంపితే మళ్లీ పరీక్ష పెడతారు. దాంతో మాస్టారు కూడా గట్టెక్కుతారు. మీ సంగతి నేను చెప్పలేను.” తర్వాత తెల్ల కాగితం వైపు చూపించి, “ఆయన ఏం రాశారు?” అన్నాడు.

చుక్కలమ్మ కాగితాన్ని కిటికీ వైపు వంచి చదివింది. పరీక్షకి ముందు వారం బుధవారం ప్రూఫ్ చదివానని, అది సరిగ్గా ఉందని. చూపుడువేళ్లు మొద్దుబారాయని, ఆ సంగతి దాచానని. ఆ తర్వాత ఇలా ఉంది. “శుక్రవారం ప్యాకింగు గదిలో పై కాగితం ముట్టుకున్నాను. కూడిక ఉండాల్సిన చోట ఆరు తగిలింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే పేపరు బయటికి వెళ్లేది కాదు.”

మేనేజరు రాసుకుంటున్నవాడల్లా కలం ఆపాడు.

“చివరిది వద్దులెండి” అన్నాడు. గొంతు తగ్గించాడు. “ఆ ముక్క, వేళ్ల ముక్క. మిగతాది చాలు. ఇవి రాస్తే ఆయన్ని ఉంచడం నా వల్ల కాదు. రాయకపోతే రెండేళ్లు ఇలాగే గడిచిపోతాయి. ఇది చదవగలిగేది మీరొక్కరే కదమ్మా.”

ఆమె కాగితం వంక చూసింది. ఆ చుక్కలు ఒకచోట లోతుగా, ఒకచోట పైపైన, వరస తప్పి ఉన్నాయి. ఊఁ అంటే చాలు. అసలు ఊఁ అని కూడా అనక్కర్లేదు, మాట్లాడకుండా కూర్చుంటే చాలు, అతనే సరే అన్నట్టు తీసుకుని కింద గీత గీసేస్తాడు. తలుపు సందులోంచి మాస్టారి చెప్పులు కనిపిస్తున్నాయి. చెక్క గోడ. ఇక్కడ మాట్లాడుకునేదంతా ఆయనకి వినిపిస్తూనే ఉంటుందని ఆమెకి అప్పుడు తట్టింది. ఆయన దగ్గలేదు, కదల్లేదు.

“వద్దు సార్. ఉన్నదున్నట్టు రాయండి” అంది. “మళ్లీ చదవమంటారా?”

మేనేజరు ఆమె మొహంలోకి చూసి, కలం తీసుకున్నాడు. ఆమె మళ్లీ మొదటినుంచి చదివింది. ఈసారి గొంతు పెంచింది.

సాయంత్రానికి ఉత్తర్వులు వచ్చాయి. పిల్లలకి వచ్చే బుధవారం మళ్లీ పరీక్ష. చుక్కలమ్మ కాంట్రాక్టు నెలాఖరుతో సరి, ఆలోగా ఇంకొకరికి పని నేర్పాలి. మాస్టారు ఇక రానక్కర్లేదు. అయితే కొత్త పేపరు ప్రూఫ్ చదవడానికి ఇంకెవరూ దొరకలేదు కాబట్టి శుక్రవారం ఒక్కరోజు రావాలి.

ఆ చివరి వాక్యం చదివి వినిపించడానికి మేనేజరుకి ముఖం చెల్లలేదు. కాగితం చుక్కలమ్మ చేతికిచ్చి, ఆయనకి మీరే చెప్పండి అన్నాడు.

“వస్తాను” అన్నారు మాస్టారు.

శుక్రవారం పొద్దున ఆమె నల్లతెర ముందు కూర్చుని, పాత పట్టికని పేరుతో, నంబరుతో సహా అడిగింది. చివర ఇంజనీరు చెప్పిన మాట చేర్చింది. తెర మీద ఏమేం మారతాయో పేర్లు వచ్చాయి. ఈసారి ఒక్కటే ఉంది. అయినా ఎన్ కొట్టి వెనక్కి వచ్చి, మళ్లీ అడిగి, మళ్లీ చదివి, అప్పుడు వై కొట్టింది. ప్రూఫ్ తీసి మాస్టారి బల్లమీద పెట్టింది.

“తలుపు వెయ్యి. నువ్వు మామూలు అక్షరాల్లో ఉన్న అసలు పేపరు పట్టుకుని ఎదురుగా కూర్చో” అన్నారాయన. “నా వైపు చూడకు. సిగ్గుగా ఉంటుంది.”

మాస్టారు ఉంగరంవేలుతో మొదటి పేజీలో సగం దాకా చదివారు. లెక్కలు మొదలైన చోట వేలు ఆగింది. రెండుసార్లు వెనక్కి వెళ్లింది. ఆయన తల అడ్డంగా ఊపి, కాగితాన్ని రెండు చేతులతో ఎత్తి, కింది పెదవికి ఆనించుకున్నారు. కళ్లు మూసుకున్నారు. కాగితం ఆయన పెదవి మీద ఎడమనుంచి కుడికి మెల్లగా జరిగింది. వాడి చుక్కలకి పెదవి ఎర్రబడుతోంది.

చూడనని ఒప్పుకుంది గాని చుక్కలమ్మకి చూపు తిప్పుకోవడం సాధ్యం కాలేదు.

“మూడు” అన్నారు మాస్టారు కాగితం వెనకనుంచి.

ఆమె కాగితంలో చూసింది. “మూడు.”

“కూడిక.”

“కూడిక” అంది చుక్కలమ్మ. తర్వాతి అంకె దగ్గర వేలు పెట్టుకుంది. ఇంకా నలభైదాకా కూడికలున్నాయి.